మధ్య అంకె

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషను కొట్లలో కంప్యూటర్లు వరసగా చచ్చిపోతుంటాయి. టిక్కీలు దించేటప్పుడు లేచే ఘాటు దుమ్ము మనిషినైతే నాలుగు తుమ్ములు తుమ్మించి వదిలేస్తుంది. ఫ్యాన్‌లో దూరితే వదలదు. దానికి తోడు కరెంటు వచ్చీపోతూ ఉంటుంది, యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో ఉబ్బిపోయి ఉంటుంది. సరుకు ముంచుకొచ్చిన రోజున, పల్నాడు నుంచి వచ్చిన రైతు పట్టీ కోసం బల్ల ముందు నిలబడి ఉండగా తెర నల్లబడుతుంది. అప్పుడు నాలాంటివాడికి ఫోను.

"కొత్త పెట్టె తెప్పించాం. పాతదాంట్లోంచి ప్రోగ్రాం కాపీ కొట్టి ఇందులో పడేస్తే అయిపోద్దిగా, ఎంతసేపు?"

కాపీకి ఎంతోసేపు పట్టదు, నిజమే. పట్టీలు రాసే ప్రోగ్రామూ, రైతుల ఖాతాలూ అన్నీ కలిపినా చిన్న పెన్ డ్రైవ్‌లో ఓ మూలకు సరిపోతాయి. అసలు తద్దినం కాపీ అయ్యాక మొదలవుతుంది. ప్రోగ్రాం తెరుచుకోదు. తెరుచుకుంటే రాయనివ్వదు. రాయనిస్తే, రాసింది మర్నాడు కనపడదు. తెర మీద మాత్రం ఎప్పుడూ ఒకటే దబాయింపు: పర్మిషన్ డినైడ్. షావుకారుకు ఒళ్లు మండిపోతుంది. "నా కొట్టు, నా పెట్టె, నా లెక్కలు. నాకు పర్మిషన్ లేదనడానికి ఇదెవరు?"

ఆయన కోపంలో అడిగినా అది చాలా మంచి ప్రశ్న. ఇన్నేళ్లుగా ఈ పని చేస్తున్నాక నాకు అనిపించేది ఏమిటంటే, ఆ పెట్టె కూడా సరిగ్గా అదే అడుగుతోంది. "ఇది ఇక్కడ ఎవరిది?" అని. ఇద్దరూ ఒకే ప్రశ్న ఒకరినొకరు అడుగుతూ కూర్చుంటే జవాబు చెప్పడానికి మూడోవాడు కావాలి. మా బతుకుతెరువు అక్కడుంది.

తొంభైల చివర ఈ రోగం చిన్నదిగానే ఉండేది. అప్పటి కొట్ల ప్రోగ్రాములు ఎక్కువగా ఫాక్స్‌ప్రోలో రాసినవి. సీడీలు వచ్చిన కొత్తలో ఏడాది లెక్కలన్నీ ఒక సీడీ మీద దాచుకుని ఇనప్పెట్టెలో పెట్టుకోవడం గొప్ప భద్రత కింద లెక్క. సీడీ మీద ఎవరూ తిరిగి రాయలేరు కనక దాని మీది ఫైళ్లన్నిటికీ 'చదవడానికి మాత్రమే' అన్న ముద్ర ఉంటుంది. పాత విండోస్‌లో ఆ ఫైళ్లను వెనక్కి కాపీ చేస్తే ముద్ర కూడా అంటుకుని వచ్చేసేది. గుమస్తా నిన్నటి దాకా ఖాతాలన్నీ చక్కగా చూడగలడు. ఇవాళ్టి రెండు లాట్ల తేజ, ఒక లాటు తాలు ఎక్కించబోతే ప్రోగ్రాం అడ్డం తిరుగుతుంది. నల్ల తెర మీద ఆట్రిబ్ అని ఒక ఆదేశం కొడితే ముద్రలన్నీ రాలిపోయేవి. తెప్పించిన టీ చల్లారేలోపు అయిపోయే పని.

అందులో మనిషి ప్రస్తావన లేదని గమనించాలి. డాస్‌కు గానీ విండోస్ 98కి గానీ ఫైలు ఎవరిదన్న పట్టింపే లేదు. పెట్టె ముందు ఎవరు కూర్చుంటే వాళ్లే యజమాని. మన కొట్ల స్వభావానికి ఆ ఏర్పాటు అచ్చంగా సరిపోయింది.

తర్వాత వచ్చిన విండోస్‌లకు ఆ పట్టింపు మొదలైంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో దాచిన ప్రతి ఫైలుకూ ఒక యజమాని ఉంటాడు, ఎవరెవరు ఏం చేయవచ్చో ఒక జాబితా ఉంటుంది. యజమానిని పేరుతో రాసుకోదు, పొడుగాటి నంబరుతో రాసుకుంటుంది. ఆ నంబరు ఎస్-1-5-21 అని మొదలై, విండోస్ ఎక్కించిన రోజున ఆ పెట్టె తనకు తాను కల్పించుకున్న అంకెల గుర్తుతో సాగి, చివర మనిషికి ఒక వరస సంఖ్యతో ఆగుతుంది. అడ్మినిస్ట్రేటర్‌కు ఆ చివరి సంఖ్య ఎప్పుడూ 500. చచ్చిన పెట్టెలోంచి హార్డ్ డిస్క్ ఊడదీసి కొత్తదానికి తగిలిస్తే, కొత్త విండోస్ ఆ నంబరు చూసి "ఇతనెవరో నాకు తెలియదు" అంటుంది. షావుకారు పేరు రెండు పెట్టెల్లోనూ అక్షరం పొల్లుపోకుండా ఒకటే అయినా లాభం లేదు. దానికి పేరుతో పనిలేదు. అప్పుడు ఫైళ్ల యాజమాన్యాన్ని మనం చేతులోకి తీసుకోవాలి. టేకోన్, ఐకాకిల్స్ అనే రెండు ఆదేశాలు ఉన్నది అందుకే. మొదటిది యజమానిని మారుస్తుంది, రెండోది జాబితాను.

ఇదైనా నయం, తలుపు మూసి ఉందని చెబుతుంది. 2007లో వచ్చిన విస్టా చేసిన పని ఇంతకంటే తిరకాసు. అంతకుముందు విజువల్ బేసిక్‌లో, ఇంకా అలాంటి వాటిలో రాసిన ప్రోగ్రాములు తమ లెక్కలను తామున్న ఫోల్డర్‌లోనే, అంటే ప్రోగ్రాం ఫైల్స్ కిందనే రాసుకునేవి. మామూలు వాడకందారు అక్కడ రాయకూడదని విస్టా తీర్మానించింది. తీర్మానించి ఊరుకోలేదు. రాయొద్దంటే పాత ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి కనక, రాసినట్టే నమ్మించి, ఆ రాతను వర్చువల్ స్టోర్ అనే ఒక మూల గదిలోకి, ఆ మనిషి సొంత ఫోల్డర్ లోపలికి, చప్పుడు చేయకుండా మళ్లించింది. ప్రోగ్రాముకు ఆ సంగతి తెలియదు. గుమస్తాకూ తెలియదు. రోజూ పని జరిగిపోతూనే ఉంటుంది. ఒకనాడు పెట్టె పోతుంది. ఎవరో కుర్రవాడు ప్రోగ్రాం ఫైల్స్ కింది ఫోల్డర్‌ను జాగ్రత్తగా కాపీ చేసి తెస్తాడు. తెరిచి చూస్తే లెక్కలు ఆ ప్రోగ్రాం ఎక్కించిన తొలిరోజు దగ్గరే ఆగి ఉంటాయి. రెండు సీజన్ల పట్టీలు ఏమయ్యాయి? గుమస్తా పేరు మీదున్న మూల గదిలో భద్రంగా ఉన్నాయి. ఆ పాత డిస్కును అప్పటికే తుక్కుకు వేసేయకపోతే.

ఒకే కొట్టులో షావుకారు కొడుకు తన పేరుతో తెరిస్తే ఒక ఖాతా, గుమస్తా తన పేరుతో తెరిస్తే ఇంకో ఖాతా కనపడ్డ సందర్భాలు కూడా చూశాను. ఇద్దరూ ఎదుటివాణ్ణి దొంగగా అనుమానించారు. ఇద్దరూ నిజాయితీపరులే.

లైనక్సు సంగతి వేరు. మా అక్క కొడుకు ఇంజనీరింగు చదివే రోజుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రచారం చేసే 'స్వేచ్ఛ' వాళ్ల వర్క్‌షాపుకు వెళ్లొచ్చి, దొంగ విండోస్‌లు వాడటం సిగ్గుచేటని నాకు పాఠం చెప్పి, నేను చూసే కొట్లలో ఒకదానికి ఉబుంటు ఎక్కించాడు. షావుకారు మొదట నమ్మలేదు. ఈ-కోర్ట్స్ పథకం కింద జిల్లా కోర్టుల కంప్యూటర్లకు ఇచ్చింది కూడా ఉబుంటునే అని చెప్పాక ఒప్పుకున్నాడు. ఆయనకు కోర్టు అంటే భయమూ గౌరవమూ రెండూ ఉన్నాయి, దావాలు నడిపిన మనిషి.

లైనక్సు కూడా యజమానిని నంబరుతోనే గుర్తుపెట్టుకుంటుంది కానీ అది పొట్టి నంబరు. ఉబుంటులో మొదట సృష్టించిన వాడకందారుకు 1000, తర్వాతివాడికి 1001. పాత రెడ్‌హ్యాట్‌లో ఇదే వరస 500తో మొదలయ్యేది. ఇప్పుడు ఆ కొట్టులో పాత పెట్టెలో మొదట ఖాతా తెరిచింది గుమస్తాకు. కొత్త పెట్టెలో మొదట తెరిచింది షావుకారు కొడుక్కు. పాత డిస్కు తగిలించగానే గుమస్తా ఫైళ్లన్నీ కొడుకు పేరు మీద కనపడ్డాయి. గుమస్తా తెరవబోతే పర్మిషన్ డినైడ్. విండోస్ అయితే ఎవరినీ గుర్తుపట్టనంటుంది. లైనక్సు ఒకరిని చూసి ఇంకొకరనుకుంటుంది.

మా వైపు పొలం కాగితాలు తిరగేసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. 112 బై 2 అని సర్వే నంబరు చెప్పి ఊరుకుంటే అది ఎవరి చేను? ఏ ఊరి 112? పర్చూరుదా, ప్రత్తిపాడుదా? గ్రామం, మండలం, జిల్లా కలిపి చెబితే తప్ప ఆ నంబరుకు అర్థం లేదు. విండోస్ తన నంబరులో ఊరి పేరు కలిపి రాస్తుంది. అందుకే ఊరు దాటితే ఎవరూ గుర్తుపట్టరు. లైనక్సు ఒట్టి 112 బై 2 అని రాస్తుంది. ఏ ఊరు వెళ్తే ఆ ఊళ్లో ఆ నంబరున్నవాడి చేను అయిపోతుంది. టార్ అనే మూట కట్టే ప్రోగ్రాం కాస్త తెలివైంది, నంబరుతోపాటు పేరు కూడా రాసుకుపోతుంది. మూట విప్పేది రూట్ (అన్ని హక్కులూ ఉన్న పెద్ద ఖాతా) అయితే, ముందు ఆ పేరుగలవాడు అక్కడున్నాడా అని చూసి, లేకపోతేనే నంబరు వాడుతుంది. ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రాం కూడా అంతే. మామూలు వాడకందారు విప్పితే మాత్రం విప్పినవాడే యజమాని.

ఇక పెన్ డ్రైవ్. సామాన్యంగా మన చేతుల్లో తిరిగే పెన్ డ్రైవ్‌లు ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి. ఆ పద్ధతి డాస్ కాలంనాటిది. యజమాని అనే గడి, ఎవరు నడపవచ్చు అనే గడి అందులో లేనే లేవు. ప్రోగ్రామును అందులో పెట్టగానే దాని హక్కుల కాగితం రాలిపోతుంది. అవతలి కంప్యూటర్ ఆ ఫైళ్లన్నిటికీ తన ఇష్టాన ఒకే రకం హక్కులు అతికిస్తుంది. అందుకే ఇక్కడ పరుగెత్తిన ప్రోగ్రాం అక్కడ కదలదు, లేదా రైతుల జాబితా ఉన్న ఒట్టి అక్షరాల ఫైలు కూడా నేనూ ప్రోగ్రామునే అన్నట్టు ఆకుపచ్చ రంగులో నిలబడుతుంది. ఇంటర్నెట్టు నుంచి దించుకున్న ఫైలుకు 'ఇది బయటినుంచి వచ్చింది, జాగ్రత్త' అని విండోస్ తగిలించే రహస్య చీటీ కూడా ఆ పెన్ డ్రైవ్‌లో పడితే మాయమవుతుంది. మంచీ చెడూ రెండూ మర్చిపోయే సాధనం అది. సరుకు మోస్తుంది, దస్తావేజు మోయదు.

లైనక్సు వాడే ఈ హక్కుల పద్ధతి పుట్టిన ఊరు అమెరికాలోని బెల్ ల్యాబ్స్. కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ కట్టిన యూనిక్స్‌కు మొదటి మాన్యువల్ మీద ఉన్న తేదీ 1971 నవంబరు 3. హక్కులు మార్చే చ్‌మాడ్ అనే ఆదేశం అందులోనే ఉంది. విచిత్రం ఏమిటంటే మన రాష్ట్రంలో భూమి హక్కులు, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కూడా 1971 నాటిదే. ఒకదానికొకటి సంబంధం ఏమీ లేదు, కానీ ఈ సంగతి తెలిసినప్పటినుంచి నాకు ఆ ఏడాది అంటే కొంచెం అభిమానం.

ఆ మొదటి మాన్యువల్ ప్రకారం ఫైలు ముందు ఇద్దరే మనుషులు. యజమాని, యజమాని కానివాళ్లు. గ్రూపు అనే మూడోది ఆ తర్వాత వచ్చి మధ్యలో చేరింది. ఇప్పుడు ప్రతి ఫైలు హక్కునూ మూడు అంకెలతో చెబుతాం. మొదటిది యజమానికి, మధ్యది గ్రూపుకు, చివరిది లోకానికి. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిపితే 7. యజమానికి అన్నీ, మిగతావాళ్లకు చదివి నడిపే హక్కు ఇస్తే 755. యజమాని రాసుకుని మిగతావాళ్లు చదువుకోవడానికైతే 644. ఆ కొట్టులో గుమస్తా గగ్గోలు పెట్టగానే మా మేనల్లుడు వేసింది 777.

777 అంటే ఎవరైనా ఏదైనా. అద్భుతంగా పనిచేస్తుంది. పట్టీలు బయటికొచ్చాయి, రైతు వెళ్లిపోయాడు, షావుకారు వాడికి సమోసాలు తెప్పించాడు. తర్వాత వాడు ఉత్సాహం ఆపుకోలేక మిగతా ఫోల్డర్లకు కూడా అదే మంత్రం వేసేసరికి రెండు సంగతులు జరిగాయి. వేరే ఊరి కోల్డ్ స్టోరేజీ కంప్యూటర్‌తో మాట్లాడే ఎస్‌ఎస్‌హెచ్ తన రహస్య తాళం చెవిని తానే నిరాకరించింది. చెవి ఉన్న ఫైలు అందరికీ కనపడేలా ఉంటే అది ఇక రహస్యం కాదని దాని లెక్క, ముట్టుకోదు. రెండోది ఇంకా పెద్దది. సుడో, అంటే మామూలువాడికి కాసేపు రూట్ అధికారం ఇచ్చే ప్రోగ్రాం, పనిచేయనని మొండికేసింది.

సుడోకు మామూలు హక్కులతోపాటు సెట్‌యూఐడీ అనే ప్రత్యేకమైన ముద్ర కావాలి. ఈ ముద్ర ఉన్న ప్రోగ్రామును ఎవరు నడిపినా అది తన యజమాని అధికారంతో నడుస్తుంది. రిచీ ఆలోచన ఇది, 1979లో ఆయన పేరు మీద పేటెంటు కూడా వచ్చింది. మీ పాస్‌వర్డు మీరు మార్చుకోవాలి, కానీ పాస్‌వర్డుల ఫైలు మీరు ముట్టుకోకూడదు. రైతు అడంగల్‌లో తన చేత్తో రాసుకోలేడు, కానీ రాయించుకునే దారి ఉండాలి. పాస్‌వర్డు మార్చే ప్రోగ్రాం ఆ దారి. అది మీ తరఫున లోపలికి వెళ్లి మీ గడిలో మాత్రమే రాసి బయటికొస్తుంది. మావాడు వేసిన 777తో ఆ ముద్ర చెరిగిపోయింది. అన్ని తలుపులూ బార్లా తెరిచేసరికి, కట్టుదిట్టంగా తెరవాల్సిన ఒక్క తలుపు మూసుకుపోయింది. దాన్ని బాగుచేయాలంటే రూట్ అధికారం కావాలి, ఆ అధికారం ఇచ్చేదే సుడో. చివరికి పెట్టెను రికవరీ మోడ్‌లో లేపి ఒక్కొక్కటే దిద్దుకొచ్చాం. "మామయ్యా, ఇంటర్నెట్టులో అందరూ ఇదే చెప్పారు" అన్నాడు వాడు. అందరూ అదే చెబుతారు, నిజమే.

నన్ను ఆలోచనలో పడేసింది ఆ తప్పు కాదు. వాడికి మధ్య అంకె గుర్తుకే రాకపోవడం. యజమానికి 7, లోకానికి 7 అనుకున్నాడు. ఆ రెంటికీ నడుమ ఉండేవాళ్లే కదా కొట్టులో పనిచేసేది. గుమస్తా యజమాని కాదు, లోకమూ కాదు. కాటా దగ్గర కూర్చునే మనిషి కూడా అంతే. వీళ్ల కోసమే గ్రూపు ఉంది. గుమస్తాలందరినీ ఒక గ్రూపులో వేసి, ఖాతాల ఫోల్డర్‌ను ఆ గ్రూపు పేర రాసి, 2770 అంటే చాలు. ముందున్న ఆ 2 వల్ల ఇకమీదట ఆ ఫోల్డర్‌లో పుట్టే ప్రతి ఫైలూ ఆ గ్రూపుకే చెందుతుంది. లోకానికి సున్నా. నేను చూసిన కొట్లలో, ప్రెస్సుల్లో, జిన్నింగు మిల్లుల్లో ఇలా అమర్చినచోటు దాదాపు లేదు. ఉంటే అందరూ అడ్మినిస్ట్రేటర్లు. లేకపోతే షావుకారు పాస్‌వర్డు గోడ క్యాలెండర్ మీద.

దీన్ని కంప్యూటర్ చదువు లేకపోవడం అనుకునేవాణ్ణి. ఇప్పుడు అనుకోను. మా ప్రాంతంలో మనుషులు తాళం చెవి ఇస్తారు గానీ కాగితం రాయరు. కౌలు సంగతే చూడండి. పత్తి, మిర్చి వేసేవాళ్లలో చాలామంది కౌలు రైతులే. చేను గలాయన హైదరాబాదులోనో డాలస్‌లోనో ఉంటాడు. ఎకరాకు ఇంత అని ముందే ముట్టజెప్పి, మాట మీద చేలోకి దిగుతారు. దున్నేది, విత్తేది, మందు కొట్టేది, కోయించేది కౌలుదారు. పాసుపుస్తకం పట్టాదారుది. అడంగల్‌లో పట్టాదారు పక్కన అనుభవదారు అని ఒక గడి ఉంది, అదే మన మధ్య అంకె. అందులో కౌలుదారు పేరు పడనివ్వడానికి యజమానికి గుండె ఒప్పదు. ఇవాళ పేరు పడితే రేపు చేను నాదంటాడేమోనని. కౌలుదారీ చట్టం 1956 నుంచే ఉన్నా, కౌలు రైతు చేతికి రుణ అర్హత కార్డు అని ఒకటి రావడానికి 2011 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. దాని స్థానంలో 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలలు చెల్లే పత్రం, యాజమాన్య హక్కుకు ఏ భంగమూ ఉండదని చట్టమే చెబుతుంది. అయినా యజమాని సంతకం కావాలి. ఆ సంతకం దగ్గరే అంతా ఆగిపోతుంది. చేను ఇస్తాడు, సంతకం పెట్టడు.

ఆ పత్రం లేనివాడికి బ్యాంకులో పంట రుణం పుట్టదు. పెట్టుబడి కోసం అతను వచ్చేది కమీషను కొట్టుకే. కొట్టు అడ్వాన్సు ఇస్తుంది, సరుకు వచ్చాక అసలూ వడ్డీ పట్టీలో కోసుకుంటుంది. ఆ అప్పు ఎంత, ఏ తేదీన తీసుకున్నాడు, వడ్డీ ఎంతకు తిరిగింది అన్నది నేను బాగుచేసే ఆ ఫైలులో ఉంటుంది. ఆ ఫైలు మీద 777. కొట్టులోకి వచ్చి కూర్చున్న ఎవరైనా, షావుకారు బావమరిది దగ్గర్నుంచి ప్రింటర్ రిపేరుకొచ్చినవాడి దాకా, ఆ అప్పు అంకెను మార్చవచ్చు, ఎవరు మార్చారో జాడ ఉండదు. ఊళ్లో మధ్య గడి ఖాళీగా వదిలేసిన మనిషే, యార్డు దగ్గరికొచ్చి ఇంకో ఖాళీ మధ్య గడి ముందు నిలబడతాడు. మార్చారని నేననను. మా షావుకార్లలో చాలామంది మాట తప్పని మనుషులు. కానీ మాట మీద నడిచే లోకానికి కంప్యూటర్ ఎందుకు, చిట్టా పుస్తకం చాలదూ?

ఇంకో చిన్న ముడి ఉంది, పొలం గట్ల గొడవలు తెలిసినవాళ్లకు వెంటనే ఎక్కుతుంది. ఫైలు మీద హక్కులన్నీ సరిగా ఉన్నా తెరుచుకోకపోవచ్చు. ఆ ఫైలు దాకా వెళ్లే ప్రతి ఫోల్డర్ మీదా 'నడిచే' హక్కు ఉండాలి. చేను నీదే, పట్టా నీదే, చేలోకి డొంక లేదు. ఉబుంటు 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04తో ఒక పద్ధతి మార్చింది. కొత్తగా తెరిచే వాడకందారు ఇంటి ఫోల్డర్‌కు అంతకుముందు 755 ఇచ్చేది, అప్పటినుంచి 750. అంటే పరాయివాళ్లు ఆ ఇంటి వాకిట్లోంచి నడవడానికి వీల్లేదు. పాత పెట్టెలో గుమస్తా ఇంటి ఫోల్డర్‌లో పెట్టి నడిపిన బిల్లుల వెబ్ పేజీ, కొత్త పెట్టెలోకి అచ్చంగా కాపీ చేసినా తెరుచుకోలేదు. ఫైలు హక్కులు ఎన్నిసార్లు చూసినా తప్పు కనపడదు. నేమ్‌ఐ అనే చిన్న ఆదేశం ఉంది, రూట్ దగ్గర్నుంచి ఫైలు దాకా దారి పొడవునా ఒక్కో మెట్టు హక్కులూ వరసగా చూపిస్తుంది. దాన్ని ఎవరూ వాడరు. నాకు చాలా ఇష్టం. మండల సర్వేయరు గొలుసు పట్టుకుని నడిచినట్టు ఉంటుంది. ఆ పేజీని గుమస్తా ఇంట్లోంచి తీసి అందరూ వెళ్లే చోట పెట్టాం. ఉండాల్సింది అక్కడే.

కాపీ చేయడం, తరలించడం ఒకటి కాదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. విండోస్‌లో ఫైలును ఒక ఫోల్డర్ నుంచి ఇంకోదానికి కాపీ చేస్తే, కొత్త ఫోల్డర్ హక్కులు అబ్బుతాయి. అదే డిస్కులో తరలిస్తే పాత హక్కులనే వెంటబెట్టుకుని వస్తుంది. ఊళ్ల సంగతీ ఇలాగే ఉంటుంది. చీరాల 1970 దాకా గుంటూరు జిల్లా, ఆ ఏడు ఏర్పడి తర్వాత ప్రకాశం అన్న పేరు పెట్టుకున్న ఒంగోలు జిల్లాలోకి వెళ్లింది, 2022లో బాపట్ల జిల్లా అయింది. ఊరు కదల్లేదు. కలెక్టరు మారాడు, దస్త్రాలు బండెక్కాయి. అక్కడి పాత దస్తావేజుల మీద మూడు జిల్లాల పేర్లు కనపడితే ఎవరూ కంగారుపడరు. కంప్యూటర్‌లో ఒక ఫైలుకు పాత హక్కులు కనపడితే మాత్రం వైరస్ అంటారు.

మొత్తానికి ఆ కొట్టులో గ్రూపు పెట్టించాను. షావుకారుకు నచ్చజెప్పడానికి సాంకేతికం ఏమీ పనిచేయలేదు. "మీరు ఊళ్లో లేనప్పుడు వడ్డీ లెక్కలో తేడా వస్తే రైతు ఎవరిని అడుగుతాడు?" అన్నాను. కాసేపు ఊరుకుని, "సరే, కానీ నా దానికి మాత్రం ఏ అడ్డూ ఉండకూడదు" అన్నాడు. గుమస్తాలు ఇవాళ్టి పట్టీలు రాస్తారు. రాత్రికి నిన్నటివి రూట్ పేరు మీదున్న ఇంకో ఫోల్డర్‌లోకి వెళ్లిపోతాయి, అక్కడ గ్రూపుకు చదివే హక్కే. దిద్దాలంటే కొత్త చీటీ రాయాలి, పాతది చెరగదు. కాటా మనిషి బరువులు ఎక్కిస్తాడు, వడ్డీ చూడలేడు. సుఖంగా ఉందని వాళ్లనలేదు. కానీ గుమస్తాల్లో పెద్దాయన, చేతిరాత చిట్టాల కాలం మనిషి, ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, "ఇప్పుడు నా మీద మాట రాదు కదయ్యా" అన్నాడు.

ఆ పెద్దాయన ఈ సంక్రాంతికి మానేశాడు, కళ్లు కనపడటం లేదని. మావాడు వెంటనే ఆయన ఖాతా తీసేసి కొత్త కుర్రాడికి ఖాతా తెరిచాడు. ఖాళీ అయిన నంబరే కొత్తవాడికి వచ్చింది. దాంతో పెద్దాయన సొంత ఫైళ్లన్నీ, కూతురి పెళ్లి ఖర్చుల చిట్టాతో సహా, నిన్నగాక మొన్న చేరిన కుర్రాడి పేర కనపడుతున్నాయి. ఖాతా తీసెయ్యకూడదు, తాళం వేసి నంబరు అలాగే ఉంచాలి, ఫైళ్లు ఎవరికి చెందాలో రాసి అప్పుడు మార్చాలి అని వాడికి చెప్పాను. "ఇంత చిన్నదానికి ఇంత కాగితమా మామయ్యా" అన్నాడు. వచ్చే ఆదివారం కూర్చుని ఇద్దరం ఆ ఫైళ్లను వేరుచేయాలి.